నూట నాలుగు

అర్వాయ్‌ఖేర్ దాటాక తారు రోడ్డు అయిపోయే చోట
నాది పంక్చర్ల కొట్టు.
కొట్టంటే ఒక తుప్పు కంటైనరు, ఒక కంప్రెసరు,
రేకు ఎగిరిపోకుండా పైన ఆరు అరిగిన టైర్లు.

మొన్న దుమ్ముగాలిలో
దాగ్వా బండి వచ్చి ఆగింది.
ఆగిందంటే, నిట్టూర్చింది.
ఇల్లు ఇల్లంతా దాని వీపు మీదే:
మడిచిన గుడారం, ఉన్ని చుట్టలు, ఎర్ర తలుపు,
ఇనప పొయ్యి, పిడకల బస్తాలు,
తాళ్ల సందుల్లోంచి తలలు బయటపెట్టి
లోకాన్ని తిడుతున్న పదకొండు గొర్రెపిల్లలు.
ముందు సీట్లో భార్య ఒయూన్, ఒళ్లో కుట్టుమిషను.
మధ్యలో ఇరుక్కుని ముసలమ్మ సెవ్‌జిద్.

"గాలి కొడితే చాలు, తొందరగా" అన్నాడు.
నేను గొట్టం తియ్యలేదు.
ఎడమ వెనక టైరు ముందు గొంతుక్కూర్చున్నాను.
బరువు మోసేవాడికే తెలుస్తుందంటారు.
దీనికీ తెలుసు. నోరు లేదు పాపం,
అందుకే ఒంటి నిండా అక్షరాలు.
బొటనవేలు తడిపి మట్టి తుడిచాను:
నూట నాలుగు.

"అంటే?"
"తొమ్మిది వందల కిలోలు. అంతకు మించి మొయ్యలేనంటోంది.
అదీ సరిపడా గాలి ఉంటేనే.
చల్లగా ఉన్నప్పుడు చూసిన గాలి, పరిగెత్తి వేడెక్కినప్పటిది కాదు."
అతను వేళ్లు మడిచాడు.
"నాలుగు టైర్లు. మూడు వేల ఆరొందలు.
నాకంత ఆస్తి ఎక్కడేడిసింది?"
"బండి బరువు ఎవడు మోస్తాడు, నువ్వా?"

నోటి లెక్క తేలేది కాదు.
ఉన్ని కొనే గోంబో దగ్గర గొర్రెల్ని తూచే పళ్లెం తెచ్చాను.
ఒక్కో చక్రాన్నీ ఎక్కించాం,
మొండి పొట్టేలుని బతిమాలినట్టు.
కుడి వెనక, ఏడు వందల తొంభై.
ఎడమ వెనక, వెయ్యీ నలభై.
దాగ్వా పళ్లేన్ని కాలితో తన్నాడు.
అది మళ్లీ అదే చెప్పింది.

"ఆ మూల ఏముంది?"
"నీళ్ల పీపా. రెండొందల లీటర్లు.
అది లెక్కలోకి రాదు, తాగేస్తాం కదా."
ఒయూన్ నవ్వింది. పొద్దుటి నుంచీ మొదటిసారేమో.

ముసలమ్మ అద్దం దించింది.
"నన్ను లెక్కేశారా?"
"వేశామమ్మా."
"ఎంత తూగాను?"
"విడిగా తెలీదు. బండితో కలిపే."
"అరవై ఏళ్లుగా అంతే" అని అద్దం ఎత్తేసింది.

నా కంటైనరులో మేకుకి ఒక రబ్బరు పేలిక వేలాడుతుంది.
ఎవరి బండిదో చెప్పను.
దాగ్వాని లోపలికి పిలిచి చూపించాను.
బయటికొచ్చి తనే తాళ్లు విప్పాడు.

పొయ్యి ముందుకి జరిగింది, కిందికి, కుడి వైపుకి.
పిడకలు పైకెక్కాయి.
గొర్రెపిల్లలు చోటు మార్చుకోడానికి ఒప్పుకోలేదు, అయినా మార్చాం.
రెండు క్యాన్లు నింపుకుని పీపా దించేశారు.
ఈ నేలలో నీళ్లు ఎవరూ పారబొయ్యరు.
ఎడమ వెనక, ఎనిమిది వందల అరవై.
"ఇంకా నలభై ఉంది" అని మిషను వైపు చూశాడు.
"ఆ నలభై నీది కాదు. గతుకులది."

గాలి కొట్టాను. వెళ్లిపోయారు,
దుమ్ము కాసేపు వాళ్ల ఆకారంలోనే నిలబడింది.

పీపా నా దగ్గరే ఉంది.
పంక్చరైన ట్యూబుల్ని దాగ్వా నీళ్లలోనే ముంచుతున్నాను.
బుడగ లేచిన చోట వేలు పెట్టి
సున్నపుముక్క కోసం వెతుక్కుంటాను.