సంఘటన లేదు

దొమ్మలూరు ఫ్లైఓవరు పక్కన నాలుగో అంతస్తులో
రాత్రి పన్నెండున్నరకి నాకు పొద్దెక్కుతుంది.
ఏసీ చలికి మంకీ క్యాపు, దాని మీద హెడ్‌ఫోన్లు.
నా ఉద్యోగమేమిటో పెద్దమ్మకి ఇంకా అర్థం కాలేదు:
అమెరికాలో ఒక కేబుల్ చానల్ కొనుక్కున్న ఆటని
ముక్కలు కోసి, ముక్కముక్కకీ పేరు పెట్టడం.
త్రో ఇన్‌కి టీ. కార్నర్‌కి సీ. గోల్‌కి జీ.
ఏమీ జరక్కపోతే ఎన్.
ఎన్ అంటే సంఘటన లేదు.

ఫుట్‌బాల్ అని కొడితే కింద ఎర్రగీత పడుతుంది.
అక్కడ ఆ పేరు వేరే ఆటది,
బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తేది.
కాలితో ఆడేది సాకర్ అనే పేరు మీద
అద్దెకుంటోంది.

శుక్రవారం మీటింగులో సెల్వనాథన్ గ్రాఫు చూపించాడు.
వచ్చే సీజను నించి
వారానికి పదకొండు గంటలు కాస్తా నాలుగు.
"ఆట మంచిదేనంటున్నారు," అన్నాడు,
"నలభై ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకోదే,
మధ్యలో ట్రక్కులెక్కడ అమ్మాలి, బీరెక్కడ అమ్మాలి?"
మిగిలిన ఏడు గంటలూ
నలుగురు కోట్లు తొడుక్కుని బల్ల చుట్టూ అరుచుకుంటారట.
ఆ అరుపులకి పేర్లు పెట్టేవాళ్లు అక్కర్లేదు.
మా పద్నాలుగు కుర్చీల్లో ఎన్ని ఉంటాయో
గ్రాఫులో లేదు. ఎవరం అడగలేదు.
రుబీనా పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.

సెల్వనాథన్‌ది గౌతంపుర.
వాళ్ల తాత ఫ్యాక్టరీ జట్టులో హాఫ్ బ్యాక్,
వొట్టికాళ్లతో ఆడేవాడట, గోరు ఊడితే
పసుపద్ది గుడ్డ చుట్టి మళ్లీ దిగేవాడట.
ఇది చెప్పింది మీటింగులో కాదు,
ఎప్పుడో లిఫ్టు చెడిపోయినప్పుడు, మెట్ల మీద.

ఇవాళ్టిది ఏదో చలి ఊరు.
పట్టికలో అడుగున ఉన్న రెండు జట్లు, సన్నటి వాన,
గ్యాలరీలో మనుషులకన్నా ఖాళీ సీట్ల రంగే ఎక్కువ.
యాభై రెండో నిమిషం నించి అరవై మూడు దాకా
ఎన్. ఎన్. ఎన్.
కానీ ఎడమగీత వెంబడి మూడో నంబరు కుర్రాడు
అవతలి మూలదాకా పరిగెత్తి చెయ్యెత్తుతాడు.
బంతి రాదు.
వెనక్కొస్తాడు. మళ్లీ పోతాడు.
కెమెరాకి పట్టలేదు, తెర అంచున సగం భుజం, అంతే.
తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను.
పదోసారి పోలేదు. నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.
అప్పుడొచ్చింది బంతి,
వాడు ఉండాల్సిన చోటికి,
అటునించటే గీత దాటిపోయింది.
టీ నొక్కాను.
ఇప్పుడది సంఘటన.

చివరన రిమార్కుల గడి ఒకటుంటుంది, ఎవరూ చదవరు.
"తొమ్మిదిసార్లు పరిగెత్తాడు" అని తెలుగులో రాశాను.
సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి,
వరసగా, ఖాళీ లేకుండా.
చెరపలేదు. పంపేశాను.

తెల్లారుజామున క్యాబులో బసవరాజు అడిగాడు,
"ఎవరు గెలిచారు మేడం?"
"ఎవరూ గెలవలేదు. సున్నా సున్నా."
"మరి రాత్రంతా ఏం చూశారు?"
జవాబు వెతుక్కునేలోగా గౌతంపుర గ్రౌండు దగ్గర
చీకట్లోంచి ఒక బంతి రోడ్డు మీదికి దొర్లింది.
బ్రేకు కొట్టి, తలుపు తీసి,
బసవరాజు దాన్ని ఒక్క తన్ను తన్నాడు.
బంతి పక్కింటి గోడకి తగిలింది.
చెప్పు మాత్రం నేరుగా గ్రౌండులో పడింది.
లోపల పిల్లలు గోల్ గోల్ అని గంతులేశారు.
అతను ఒంటికాలి మీద కుంటుకుంటూ
చెప్పుకోసం కంచె దూరుతున్నాడు.

నేను టైము చూశాను, ఐదూ నలభై రెండు.
అలవాటు.