బూడిది ఏ తరగతి?

ఫారంలో మొదటి గడి, పేరు.
బూడిది అని రాసినాను.
రెండో గడి, తండ్రి పేరు.
వన్నూరప్ప అని నాది రాయబోతే
కూతురు హేమలత చెయ్యి పట్టుకునింది.
"నీది కాదు నాయనా, దానిది."

దాని నాయన
కూడేరు పక్క గొర్రెల మంద వెనక పోతాంటాది.
పేరుందో లేదో తెలీదు,
ఈల వేస్తే వస్తాది.
ఈలను ఏ అక్షరాల్తో రాసేది?

పుట్టిన తేదీ కావాలంట.
శెనిక్కాయ పీకే దినాలు,
ముసురు పట్టి వామి నానిపోయిన వారం.
హేమలత వేళ్లు మడిచి లెక్కేసి
పన్నెండు నెలల ఆరు దినాలనింది.
ఆరు దినాల కింద అయింటే పిల్లల తరగతి.
ఇప్పుడు జూనియరు.
చదవకుండానే పై క్లాసు!
నేను ఐదులో రెండేండ్లు కూర్చున్నోణ్ణి.

నెల దినాలు నేర్పించినాం,
బళ్లారి రోడ్డులో, పంచరు అంగడి ముందర,
పాత ట్యూబు కోసి పేనిన తాడు కట్టి.
నిలబడు.
పండ్లు చూపించు.
పరాయి చెయ్యి పడినా గమ్మునుండు.
సుద్దముక్కతో ముక్కోణం గీసి
మొనకాడ లారీ టైరు ఆనించి
అదే జడ్జి అనుకోమన్నాం.
ఉరికేది మాత్రం ఎవరూ నేర్పలేదు.
దానికి వస్తాది.

ఆదివారం, కాలేజీ మైదానం.
కూలరు ముందర పండుకున్న దూడంత కుక్కలు.
ఒకదానికి దువ్వెన, ఒకదానికి పౌడరు,
ఒకదానికి ఇద్దరు మనుషులు, ఒక గొడుగు.
చలువద్దాలామె బూడిదిని చూసి
"ఇదేం బ్రీడు?" అనడిగింది.
"అనంతపురం" అన్నాను.

మైకులో మా నంబరు పిలిచినారు.
మా తరగతిలో ఇంకెవరూ లేరు.
ఒకటే కుక్క.
రింగులోకి పోతాంటే
నా అంగీ గుండీలు బిగువైనాయి.
పోటీకే ఎవరూ లేకపోతే
ఓడిపోయేదెట్లా?

జడ్జి బెంగుళూరు మనిషి, తెల్ల టోపీ.
మూతి తెరిచి పండ్లు లెక్కబెట్టినాడు,
వెన్ను నిమిరినాడు.
వెనక తొడ మీద చెయ్యి ఆగిపాయ.
రూపాయి బిళ్లంత, వెంట్రుక మొలవని చోటు.
సైలెన్సరు కాల్చింది.
మూడు నెలల కూన బండి కింద నిద్రపోతాంటే
చూసుకోకుండా స్టార్టు చేసింది నేనే.
అదే మాట అన్నాను, నేనే సారు, అని.
మైకు దూరంగా ఉన్నింది.
ఆయన తలకాయ ఎత్తలేదు.
బూడిది కూడా కదల్లేదు.

అప్పుడు ఉరకమన్నాడు.
అబ్బ, ఎట్ల ఉరికిందని!
కాళ్లు నేలకు ఆనలేదు.
గొడుగు పట్టుకున్నోడు గొడుగు దించినాడు.
ఒక పక్క, రెండో పక్క,
మూడో పక్కన జడ్జి నిలబడి ఉంటే
ఆయన్ను దాటి పోయి
రింగు అంచున ఆపిన వ్యాను ముందర నిలబడింది.
టైరుకు ఎదురుగా,
నాలుగు కాళ్లూ సమంగా పెట్టి,
పండ్లు చూపిస్తా.

మైదానమంతా నవ్వింది.
హేమలత నవ్వలేదు.

మాకు రెండో బహుమతి ఇచ్చినారు.
ఉండేది ఒకటే కుక్క, దానికి రెండు.
మొదటిది ఇచ్చేంత కుక్క లేకపోతే
దాచిపెట్టుకునే హక్కు జడ్జికి ఉందంట,
రూల్సులో చూపించినారు.
చిన్న అక్షరాలు.

సాయంత్రం అంగడికాడ అందరూ అడిగేదే.
ఆటో మస్తానయ్య, టీ బంకు సుంకన్న,
గాలి పట్టించుకోను వచ్చిన ఎవరో పిల్లోడు కూడా.
"సెకండా? మరి ఫస్టు ఎవరికి?"
"ఇంకా పుట్టలేదంట" అన్నాను.

రిబ్బను కంప్రెషరుకు కట్టినాం.
ఇంజను అదిరినప్పుడల్లా అది ఎగిరి ఎగిరి పడతాంది.
హేమలత మళ్లా వేళ్లు మడుస్తాంది,
వచ్చే ఏడుకు ఇదే కాలానికి
రెండేండ్ల పన్నెండు దినాలో, పదమూడో.
బూడిది ఎప్పుడు జరిగిందో
నేను విప్పిన లారీ టైరు ముందర నిలబడుండాది,
తీర్పు కోసరం.

వీధి లైటు వెలిగేదాకా
నేను ఆ టైరు ముట్టుకోలేదు.