పేరు చెప్పని నక్క

మే నెలకే మంచు మొదలవుతుంది మాకు.
మొఖోట్లోంగ్ దాటాక, గుర్రం దిగి నడిచే దారి చివర
రేకుల కప్పు బడి.
ఇరవై ఆరుగురు పిల్లలు, నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు,
కిటికీలో నిలబెట్టిన నా ఫోన్‌లోంచి
చుక్కచుక్కగా కారే నెట్‌వర్క్.

డబ్బులడగని పేజీ ఒకటి తెరిచాను,
అందరూ ఒకేసారి రాసుకునేది.
(పేజీ ఉచితమే. డేటాకి నా జేబు.)
"మన కొండ గురించి రాయండి,
పక్కవాళ్ళది తుడవకండి" అన్నానో లేదో
లింఫో వాక్యాన్ని మొయెకెట్సి తుడిచేశాడు.
ఆ పిల్ల దుప్పట్లో మొహం దాచుకుని ఏడుపు.
తుడిచింది ఎక్కడికీ పోలేదని
పేజీ అడుగు పొరల్లోంచి తీసి చూపించాను.
పలక ఎప్పుడైనా ఇలా గుర్తుపెట్టుకుందా?

ఒకరు టైపు చేస్తే ఐదుగురు చెప్పడం,
మోచేతుల యుద్ధం,
తెర మీద రంగురంగుల కర్సర్లు
బెల్లం దొరికిన చీమల్లా.
గంట గడిచేసరికి మా జ్ఞానమంతా ఇదీ:
కొండ పెద్దది.
కొండ పెద్దది.
మా కొండ చాలా పెద్దది.
మంచు తెల్లగా ఉంటుంది.

అప్పుడొచ్చింది, పై మూలన, కొత్త బొమ్మ.
పేరు చెప్పని అతిథికి ఆ పేజీ
ఏదో ఒక జంతువు పేరు తగిలిస్తుంది.
ఈసారి నక్క.
గొర్రెల కాపరుల పిల్లలు కదా,
"టీచర్, మందలో నక్క!" అని
బెంచీలెక్కి అరిచారు.

నక్క మెల్లగా రాస్తుంది.
ఒక అక్షరం. ఆగడం.
వేళ్ళు కొంకర్లు పోయినట్టు ఇంకో అక్షరం.

మంచు పొద్దున నీలంగా ఉంటుంది.
గొర్రె పడుకుని లేచిన చోట మంచు ఉండదు.
అక్కడ కాళ్ళు పెట్టుకోవాలి.

గదిలో పొయ్యి చప్పుడు తప్ప ఏమీ లేదు.
లింఫో కింద రాసింది: ఎవరు నువ్వు?
గీత మిణుకుమంది, మిణుకుమంది.
కిటికీ పక్క. మూడో బెంచీ.

సెచాబా.
ఫిబ్రవరి నుంచీ పై మకాంలో, ఎవరివో గొర్రెల వెంట.
ఏడాదికి పన్నెండు గొర్రెలట జీతం.
వాడికి పదేళ్ళు.
ఇళ్ళకు పంపిన లింక్ ఏ మామయ్య ఫోన్‌లోకి చేరిందో,
ఆ ఫోన్ పట్టుకుని ఏ బండ ఎక్కితే
ఆ ఒక్క గీత సిగ్నల్ దొరికిందో,
నేనడగలేదు.

తుడిచే మొయెకెట్సి
కీబోర్డు లాక్కున్నాడు. వణికాను.
ఇంకా చెప్పు, అని రాశాడు.

చెప్పింది నక్క, నాలుగు వాక్యాలు.
కుక్క చెవులు ముందు దేన్ని వింటాయో,
పొగ ఎటు వంగితే రేపు గాలో.
ఐదోది మధ్యలో ఆగిపోయింది:
రాత్రి నాకు
అంతే. బొమ్మ మాయం.
బ్యాటరీయో, గాలో, గొర్రెలో.

ఆ సగం వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయలేదు.
దాని చుట్టూ జాగ్రత్తగా రాసుకుంటున్నారు,
నిద్రపోయే పిల్లాడి చుట్టూ నడిచినట్టు.

తనిఖీకి వచ్చినాయన అడిగాడు,
ఈ ఆన్‌లైన్ ఆటల వల్ల మీకేం ఒరిగిందని.
నక్కతోక తొక్కాం సార్, అన్నాను.
ఆయన రాసుకోలేదు.

హాజరుపట్టీలో సెచాబా గడి ముందు
పెన్ను ఎత్తాను.
గైర్హాజరు అని రాయడానికి
చెయ్యి రావడం లేదు.