పైన తేట

ఎనిమిది గాజు గొట్టాలు,
ఎనిమిదింటిలోనూ మైనం.
ఎనభై డిగ్రీల నీళ్ళలో నిలబెడితే
కరిగి కళ్ళు తెరుస్తుంది,
తీసి పక్కన పెడితే
తెల్లగా ముడుచుకుంటుంది.
ఒకసారి కరిగి ఒకసారి గడ్డకడితే
నా నోటుబుక్కులో ఒక గీత.
ఇవాళ్టికి నూట అరవై మూడు గీతలు.

మైనం పిసినారిది.
మధ్యాహ్నపు ఎండనంతా కడుపులో దాచుకుంటుంది,
రాత్రి అడిగితే
చిల్లర లెక్కపెట్టినట్టు ఇస్తుంది.
దాని చెయ్యి కాస్త సాగుతుందని
రాగి ఆక్సైడు రేణువులు కలిపాను,
వెంట్రుక మందంలో వరసకట్టి నిలబెడితే
రెండు వేలు పట్టేంత సన్నవి.
గంటసేపు ధ్వని యంత్రం జోరీగలా అరిచింది.
ఆపేసరికి గొట్టం నిండా ఒకే నలుపు,
మొహం చూసుకోవచ్చు.

మొదటి వారం ఏమీ కాలేదు.
రెండో వారం
గోరంచు మందాన పైన తేట.

ఒంటరిగా ఉన్నంతసేపు తేలతాయి.
ఒకదాన్నొకటి పట్టుకున్నాయా, బరువెక్కుతాయి.
బరువెక్కాక ఇంక కిందికే.
విడివిడిగా ఉంచడానికి సబ్బులాంటిదొకటి వేశాను,
ఒక్కోదానికి ఒక్కో చొక్కా తొడిగినట్టు.
డెబ్భైసార్లు కాగేసరికి
చొక్కాలు చిరిగాయి.

ఒకటి మాత్రం ఆలస్యంగా అర్థమైంది:
గడ్డకట్టిన రాత్రుల్లో ఏదీ పడదు.
జీళ్ళలో నువ్వుల్లా ఎక్కడివక్కడే.
పడేదంతా కరిగిన గంటల్లోనే,
మనం పని చేయించుకునే గంటలు అవే.

మా ఇల్లు కోట వీధి వెనక.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే
కిటికీ గట్టు మీద నల్లటి పొడి.
అమ్మ పొద్దున తుడుస్తుంది, మధ్యాహ్నం తుడుస్తుంది,
ఆరేసిన తెల్ల చొక్కా దులిపి చూసి
మాట్లాడకుండా మళ్ళీ బకెట్లో వేస్తుంది.
నాన్న ఇరవై ఆరేళ్ళు
ఖనిజం మోసే బెల్టు కింద నడిచాడు.
ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టుకుని
డాక్టరు వేలితో చూపించాడు.
ఎంత సైజు రేణువులని అడగబోయి
ఊరుకున్నాను.

ల్యాబు ఊడ్చే ఎల్లాజీది పెద జాలారిపేట.
చీపురు గోడకానించి
గొట్టాల ముందు వంగి చూశాడు.
"చోడంబలి కూడా ఇంతే కదమ్మా.
కుండ కదపకుండా ముంచితే
ముందొచ్చినోడికి నీళ్ళు,
ఆకరోడికి పిండి.
మాయమ్మ గరిటె ఆపీది కాదు."
గోడలో పెట్టి మూత బిగించేసిన డబ్బాలో
గరిటె ఎవరు తిప్పుతారు ఎల్లాజీ?
అదీ నిజమేనని
టీ తేవడానికి వెళ్ళాడు.

నివేదికలో "స్థిరం" అనే మాట ఉండాలన్నారు సారు.
నిధులిచ్చేవాళ్ళు ముందు ఆ మాటే వెతుకుతారట.
స్కేలు పెట్టి కొలిచాను.
పైన నాలుగు మిల్లీమీటర్ల తేట.
అంకె వేశాను.
మాట దగ్గర ఖాళీ వదిలాను,
ఆయనే పూరించుకుంటారేమో.

నిన్న సాయంత్రం స్టాండులో తొమ్మిదో గొట్టం పెట్టాను.
మిగిలిన మైనం కొంచెం,
మా కిటికీ గట్టు మీది పొడి
కాగితంలో మడిచి తెచ్చుకున్నది చిటికెడు.
దానికీ గంటసేపు జోరీగ పాట వినిపించాను.
టీ గ్లాసు కడిగి వచ్చేసరికి
అడుగున కూర్చుంది, ఇల్లు చేరినట్టు.
పైనంతా ఎంత తేటగా ఉందంటే
అవతల లంగరేసిన ఓడలు
తలకిందులుగా కనిపించాయి,
వంతు కోసం కాచుకుని.

దానికి చీటీ అంటించలేదు.
పారబొయ్యనూ లేదు.

నీళ్ళు వేడెక్కుతున్నాయి.
నూట అరవై నాలుగు.