ఉద్దులు

బేస్తారం రాత్రి. సనాయా, పదకొండో గల్లీ.
కాంపు డాబా మీద నీళ్ల టాంకీ పక్కన
టీము కడుతున్నం.

మ్యాచ్ లేదు. కంపెనీ ఇంకా ఊ అనలే.
బంతి కూడ లేదు. ఉన్న ఒక్కటి
రంజాన్ కన్న ముందే పక్క కాంపు ముళ్లతీగ మీద పడి సచ్చింది.
అయినా టీము కట్టుడు ఆపం.
వారం వారం కడుతం, వారం వారం ఇప్పుతం,
షట్టరింగు లెక్క.

పోశెట్టి ఒక కెప్టెను. మలప్పురం షంసు ఇంకొకడు.
నేను రాసేటోన్ని.
టైంషీటు ఎనుక దిక్కు గీతలు గొట్టి
ఐడీ నంబర్లు రాస్త.
పేర్లు రాస్తె నాలుగు భాషల కొట్లాట.

ముందుగాల ఎవలు అడిగినా క్వాబెనానే.
వెల్డింగ్ షాపుల ఏడేండ్లు ఒంగి కూడ
నడుము నిటారుగున్న మనిషి.
పోయిన వారం వానికోసం పోశెట్టి
ఇద్దరు మేస్త్రీలను, ఒక ఫోర్‌మ్యాన్ తమ్ముణ్ని
షంసుకు ఇడిచిపెట్టిండు.

గోలు కాడ దిల్ బహదూర్.
ఆరో అంతస్తు నుంచి జారిన హెల్మెట్టును
కింద ఒంటిచేత్తో పట్టిండు, అందరం చూసినం.
డిఫెన్సుకు స్కాఫోల్డింగోళ్లు,
కాలు కింద ఏమున్నదో చూడకుంటనే ఎరుక వాళ్లకు.
ట్రైలర్ తోలే అమలాపురం సత్తిబాబు
"నేను లెఫ్టండీ" అంటడు,
ఏ కాలు అంటె చెప్పడు.

ఎవని మోకాలు పోయిందో, ఎవని నడుము పట్టిందో
డాక్టరు కన్న మాకే ఎక్కువ తెలుసు.
పక్క మంచాలోళ్లం.
రాత్రి ఎవడు ఏ దిక్కు ఒత్తిగిల్లలేడో
దాన్ని బట్టి జాగ ఇస్తం.

ఇయాల పంచాయితి అయింది.
షంసు మొదటి పిక్కే దిల్ బహదూర్ అన్నడు.
"ఐతారం వాని ఫ్లైటు. ఎగ్జిట్ కొట్టిన్రు.
మ్యాచు నాడు గోలు కాడ వాని సూట్‌కేసు నిలవెడ్తవా?"
పోశెట్టి లేసిండు.
"మ్యాచు ఉన్నదని నీకెవడు జెప్పిండు?"
షంసు లేవలే.

అందరు నవ్విన్రు.
దిల్ బహదూర్ తన చెప్పుల దిక్కు చూస్తున్నడు.

గప్పుడు వంటింట్ల నుంచి చేతులు తుడుసుకుంట
ఎల్లయ్య వచ్చి కాయితం గుంజుకున్నడు.
యాభై రెండేండ్లు. ఒక్క వారం కూడ
ఒక్కడు అడగలే ఆయన్ని.
"గీ నంబర్లెందుకు బిడ్డా, ఉద్దులు రాండ్రి."

షంసుకు తెల్వదు, క్వాబెనాకు తెల్వదు.
ఎల్లయ్యనే చూపెట్టిండు:
సరిసమానమోళ్లు ఇద్దరు భుజాల మీద చేతులేసుకొని
టాంకీ ఎనుకకు పోవాలె,
దొంగపేర్లు పెట్టుకొని రావాలె.

వచ్చిన్రు.
"ఏసీ కావాల్నా, ఎండ కావాల్నా?"
పోశెట్టి ఏసీ అన్నడు. మొఫిజుల్ వచ్చిండు,
చెమటలు కారుకుంట.
"ఓటీ కావాల్నా, నిద్ర కావాల్నా?"
వంతు మర్చి ఇద్దరు కెప్టెన్లు ఒక్కసారే నిద్ర అన్నరు.

క్వాబెనాకు ఉద్ది ఎవడు?
అందరం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.
ఎల్లయ్య మునివేళ్ల మీద లేసి
వాని భుజం అందుకున్నడు.
తిరిగొచ్చినంక క్వాబెనా నోట్లె తెలుగు:
"కారం కావాలినా, తీపి కావాలినా?"
తీపి అన్నడు షంసు.
తీపి, ఎల్లయ్య.
షంసు నెత్తి పట్టుకునేలోపే
ముసలోడు లుంగీ పైకి మడిసిండు.

మిగిలింది నేను, దిల్ బహదూర్.
టాంకీ ఎనుక వాడు శానసేపు ఏం మాట్లాడలే.
మోటరు గుయ్యిమంటున్నది.
"నా లాకరు ఎవనికి ఇస్తరు?" అన్నడు.
నాకు వేరే పేర్లు తోచలే.

"లాకరు కావాల్నా, తాళం కావాల్నా?"
పోశెట్టి తాళం అన్నడు.
దిల్ బహదూర్ చెయ్యెత్తిండు.

ఫ్లైటు మాట రాలే పోశెట్టి నోట.
"గోలు కాడ నిలవడు" అన్నడు. గంతే.

పొద్దుగాల నాలుగింటికి తలుపులు గుద్దిన్రు.
జుమ్మా లేదు, ఓటీ ఉన్నది.
బస్సుల రెండు టీములు కలిసిపోయినయ్.
నా జేబుల కాయితం అప్పుడే తడిసింది,
రాత్రి నంబర్లల్ల సున్నలు ఒక్కటే మిగిలినయ్.
నా పక్క సీట్లె గోలుకీపరు నిద్ర,
మోకాళ్ల మీద చేతులు తెరిచి.

సైటు గేటు కాడ బస్సు గుంజి ఆగింది.
కండ్లు తెరవకుంటనే
వాని చేతులు లేసినయ్.