బంతి ముట్టని చేతులు

పదకొండేళ్లు
ఓర్విల్ టకెట్ పేరు మైకులో వినబడిందంటే
తప్పు చేశాడనే అర్థం.

రెండున్నర సెకన్లు
గోడై నిలబడితే చాలు,
వెనకున్న కుర్రాడి చేతిలోంచి బంతి ఎగిరిపోతుంది.
ఎక్కడ వాలిందో
జనం అరుపుని బట్టి పోల్చుకునేవాడు
మొహం గడ్డిలో కూరుకుని.

ఒక్కసారి, క్లీవ్‌లాండ్ వానలో,
ఎవరో జారవిడిచిన బంతి మీద పడ్డాడు.
కడుపు కింద తడిసిన కుక్కపిల్లలా ఉంది.
లేవబుద్ధి కాలేదు.

వంకర తిరిగిన వేలికి ఇప్పుడు పెళ్లి ఉంగరం ఎక్కదు.
మార్వా దాన్ని కిటికీ గట్టున
ఉప్పుడబ్బా పక్కన పెట్టింది.

ఈ ఉదయం బఫెలోలో
మంచులో దిగబడిన పోస్టు వ్యాను వెనక
అలవాటుగా వంగి
మూడు వేళ్లు నేలకి ఆనించాడు.
మోకాళ్లు పటపటమన్నాయి.

బండి కదిలింది.
డ్రైవరు చెయ్యి ఊపాడేమో,
తెలీదు, కళ్లనిండా మంచు.