కాకిబంగారం

ఇరవై రెండేళ్లు ఎడమ సీట్లోనే కూర్చున్నాను.
గూడూరులో సగంమందికి క్లచ్చు వదలడం నేర్పింది
నా కాలికింది రెండో బ్రేకు.
స్టీరింగు ఎప్పుడూ వాళ్లది,
భయం ఎప్పుడూ నాది.

చీటీ పాడితే తొంభై రెండు వేలు చేతికొచ్చాయి.
చెంగమ్మ ఒక జత గాజులంది.
సరేనన్నాను.
సరేనన్న నోటితోనే సైదాపురం బస్సులో టిక్కెట్టడిగాను.

మూతబడ్డ గని పక్కన రేకుల షెడ్డు.
తుప్పు డ్రమ్ములు, కోళ్లగంప, తెగిన బావి మోకు,
వాటి వెనక తాటాకుల కింద
రెండే తలుపుల హెరాల్డు.
గుడ్డ టాపు చిరిగి పక్కటెముకలు తేలాయి.
బానెట్టు పట్టి ఎత్తితే ముందు భాగమంతా
ఆవులించే గేదె నోరులా తెరుచుకుంది.
లోపల ఇంజను మీద
ఒక కోడిపెట్ట పొదుగుతోంది.

సీటు మీద చరిస్తే లేచింది దుమ్ము కాదు,
మెరుపు.
కుట్లలో, హారను చిప్పలో, కాళ్లకింది చాపలో
అరవై ఏళ్ల అభ్రకం.

"గని దొర మదరాసు నించి తెచ్చిందబ్బా.
షోళవరం రేసుల్లో పరిగెత్తింది.
ఎడంపక్క తలుపు మీద ఏడో నెంబరుండాది,
రంగు గీకి చూసుకో" అన్నాడు పెంచల నరసింహం,
గుమాస్తా గారి మనవడు.
లక్షన్నర, అని కూడా అన్నాడు,
ఆకాశం వైపు చూస్తూ.

రహంతుల్లా జేబులోంచి అయస్కాంతం తీశాడు.
అంటుకున్నచోట ఇనుము, జారినచోట లప్పం.
చాలాచోట్ల జారింది.
కిందికి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచి
గుప్పెడు తుప్పుతో బయటికొచ్చాడు.
"ఒళ్లు పోయింది గాని ఎముక గట్టిదే.
రేసూ లేదు గీసూ లేదు సార్,
ఇది పుంజు వేషం కట్టిన పెట్ట."

అది వినక ముందే నేను
కుడి తలుపు తీసి కూర్చున్నాను.
అదే నా తప్పు. అమ్మేవాడు చూశాడు.

తువ్వాలు కింద చేతులు కలిశాయి.
నాలుగు వేళ్లు పట్టాడు, ఒకటి విడిపించుకున్నాను.
మళ్లీ పట్టాడు. చెమట ఎవరిదో తెలియలేదు.
డెబ్భై ఎనిమిది వేలు,
కోడి మినహా,
గుడ్లు పిల్లలయ్యేదాకా నాలుగు రోజులు ఆగాలన్న షరతు మీద.

అయిదో రోజు
నిమ్మకాయల లారీకి తాడు కట్టి లాక్కొచ్చాం.
కుడిసీట్లో నేను,
ఊపిరిలేని స్టీరింగు నా చేతిలో.
అప్పుడూ నడిపింది ఇంకొకడే.
ఎత్తుపల్లాలకి లారీలోంచి ఒక్కో నిమ్మకాయ
ఎగిరి నా ఒళ్లో పడింది.

చెంగమ్మ వాకిట్లో చీపురు పట్టుకునే నిలబడింది.
"బంగారం తెమ్మంటే కాకిబంగారం తెచ్చినావా?"
అది తిట్టో నవ్వో
పది నెలలైనా తేల్చుకోలేదు నేను.

ఆ పది నెలల ఆదివారాలు
పుదుపేట పాతసామానుకీ, కిరోసినుకీ, ఉప్పుకాయితానికీ పోయాయి.
మిగిలిన పద్నాలుగు వేలు
కార్బురేటరు దగ్గరే ఆవిరైపోయాయి,
టైర్లకి మళ్లీ చీటీ పాట.

ఒక తెల్లవారుజామున దగ్గి, పొగ కక్కి, కదిలింది.
మనుబోలు దాకా పోయాం.
ఎడమ సీట్లో చెంగమ్మ,
కొంగు గాలికెగిరి నా మొహం మీద.
వంతెన దగ్గర కుక్క అడ్డమొస్తే
ఆమె కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.
అక్కడ బ్రేకు లేదని ఆమెకి చెప్పలేదు.
నాకూ ఎవరూ చెప్పలేదు
భయమున్న చోటినుంచి ఊరు ఇంత దగ్గరగా కనపడుతుందని.
ఇప్పుడు చూస్తే ఆమే నవ్వుతోంది.

ఇంతకీ ఆ తలుపు.
ఎరుపు కింద తెలుపు, తెలుపు కింద ఆకుపచ్చ,
దానికింద ఇటుకరంగు, దానికింద రేకు.
ఎంత గీకినా గీత కూడా లేదు.
చివరికి పళ్లెమంత చోటు మిగిలినప్పుడు
ఉప్పుకాయితం కింద పెట్టేశాను.

రంగులేసే కుర్రాడు అడిగాడు,
"ఇక్కడ మరిచిపోయినారా సార్?"

లేదబ్బయా,
అక్కడ ఏడుంది.